సెరామా పొట్టికోళ్లలో నీలిరంగు: పెంపకపు జోడీల ఎంపిక

మలేసియాలోని తెలుగు కుటుంబాలలో కోళ్లను పెంచే అలవాటు తోటల కాలం నాటిది. కూలీ లైన్ల వెనుక ఉండే కొద్దిపాటి జాగాలో, కూరపాదుల నడుమ, నాలుగు కోళ్లు తిరగని ఇల్లు అరుదుగా ఉండేది. తోటలు చేతులు మారి, రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చి, మనవారు పట్టణాల శివార్లలోని తామాన్లకు తరలిపోయిన తరువాత పెద్దకోళ్లు చాలావరకు పోయాయి. గోడకు గోడ ఆనుకొని ఉండే వరుస ఇళ్లలో పెద్ద పుంజు కూతను పొరుగువారు సహించరు. అర కిలోకన్న తక్కువ బరువుండి, పెరటిలో ఒక మూల పంజరంలో ఇమిడిపోయే పొట్టికోడి మాత్రం మనతో నిలిచింది. మలై భాషలో పొట్టికోళ్లను అయం కటిక్ అంటారు. వాటిలో ప్రసిద్ధికెక్కిన సెరామా జాతి కెలంతాన్ రాష్ట్రంలో రూపొందినది. దానిని తీర్చిదిద్ది పేరు పెట్టినవాడు వీ యాన్ ఈన్ అనే పెంపకందారు అని ప్రతీతి. థాయిలాండ్ రాజులకు గల ‘రామ’ అనే బిరుదును బట్టి ఆ పేరు వచ్చినదని చెబుతారు. ఏ దారిన వచ్చినా పేరులో రాముడున్నాడు కనుక రామాలయాల చుట్టూ అల్లుకొన్న మన కుటుంబాలకు ఆ కోడి మరికొంత ముద్దు.

దిగువ పెరాక్ ప్రాంతంలో మన ఇళ్లలో పెరిగిన పొట్టికోళ్లలో ఒక వరుస బూడిద కలిసిన నీలిరంగుకు పేరుపొందినది. మెడ దగ్గర ముదురుగా, బోర దగ్గర లేతగా, ప్రతి ఈక అంచున సన్నని నల్లగీతతో ఉండే కోళ్లవి. ఇప్పుడు ఆ వరుసలో పెంపకానికి పనికివచ్చే పెట్టలను చేతివేళ్లతో లెక్కించవచ్చు. వ్యాధి వచ్చి పోయినవి కొన్నే. ఎక్కువ భాగం పోయినది తప్పుడు ఎంపిక వలన. నీలం కావాలని నీలాన్ని నీలంతోనే జతకట్టి, పుట్టిన నల్లపిల్లలను, చుక్కల తెల్లపిల్లలను పనికిరానివని పంచిపెట్టి, మూడు నాలుగు తరాలు గడిచేసరికి రంగూ పలచబడి, గుడ్లూ పొదగక, ఉన్న నాలుగూ అన్నాచెల్లెళ్లే అయిన ఇళ్లు నాకు తెలుసు. ఇంకా చేతిలో ఉన్న కొద్ది కోళ్లతో ఈ వరుసను నిలబెట్టడం సాధ్యమే. అందుకు ఏ పుంజును ఏ పెట్టతో కలపవలెనో, ఎందుకు కలపవలెనో తెలిసి ఉండాలి. మన యువకులు కొందరు ఈ మధ్య ఆసక్తితో అడుగుతున్నందున తెలిసినంత మేరకు వివరిస్తున్నాను.

పెద్దల రంగుల పేర్లు

మొదట రంగులకు మనకున్న పేర్లు చెప్పుకోవాలి. ఆంధ్రదేశంలో కుక్కుటశాస్త్రం పేరుతో కోళ్ల రంగులను విభజించిన సంప్రదాయం ఒకటి ఉన్నది. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ, రెక్కల మీద, వీపు మీద పసుపు ఈకలున్నది నెమలి, మెడ మీద నలుపు తెలుపు సమానంగా కలిసినది పర్ల, నలుపు ఎరుపు పసుపు మూడూ కలిసినది కౌజు, ఒక్కొక్క ఈకలోనే పలు రంగులున్నది పూల, ఎరుపూ బూడిదా కలిసినది మైల. తోటలలో మన తాతలు ఈ పేర్లను వాడేవారు. ఏ వారాన ఏ రంగు గెలుస్తుందనే లెక్క ఆ శాస్త్రంలో ఎక్కువ భాగం ఆక్రమిస్తుంది. దానితో మనకు పనిలేదు. కోడిపందెం ఈ దేశంలో నేరం, 2015 నాటి జంతు సంక్షేమ చట్టం ఆ విషయంలో సందేహానికి తావివ్వదు. అయినా ఆ పేర్లను వదులుకోవలసిన అవసరం లేదు. ఒక్క మాటలో కోడి రూపాన్ని కంటికి కట్టించే పదాలు అవి. పిల్లలకు ‘కలర్ నంబరు’ నేర్పడంకన్న డేగ, మైల అని నేర్పడం మేలు.

ఈ పేర్లలో మన విషయానికి దగ్గరగా ఉన్నది మైల. నీలిరంగునిచ్చే జన్యువు నల్లని వర్ణకాన్ని మాత్రమే పలచన చేస్తుంది. ఎరుపు జోలికి పోదు. కోడి ఆసాంతం నల్లనిదైతే ఆసాంతం నీలిబూడిద అవుతుంది. ఎర్రని ఒంటికి నల్లని తోక, నల్లని బోర ఉన్న డేగకు అదే జన్యువు తగిలితే ఎరుపు ఎరుపుగానే ఉండి, నల్లనిచోటు మాత్రం బూడిదగా మారుతుంది. అనగా పెద్దలు మైల అన్న కోళ్లలో కొన్నింటిలోనైనా పనిచేస్తున్నది ఈ నీలి జన్యువే అని నా అభిప్రాయం. ఈ సంగతి ఉపయోగపడే చోటు ఒకటున్నది: నీలిపుంజు దొరకనప్పుడు మంచి మైలపుంజు ద్వారా కూడా ఆ జన్యువును తిరిగి తెచ్చుకోవచ్చు. ఎరుపును పోగొట్టడానికి మాత్రం మరి రెండు మూడు తరాలు పడుతుంది.

నీలం స్వతంత్రమైన రంగు కాదు

ఇక అసలు విషయం. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో కేంబ్రిడ్జ్‌లో విలియం బేట్సన్, పన్నెట్ అనే శాస్త్రజ్ఞులు ఆండలూసియన్ అనే నీలికోళ్ల మీద పరిశీలనలు చేశారు. అప్పటికే పెంపకందారులను వేధిస్తున్న ప్రశ్న ఒకటి ఉండేది: ఎంత శుద్ధమైన నీలికోళ్లను జతకట్టినా పిల్లలలో సగమే నీలంగా ఎందుకు పుడుతున్నాయి? మిగిలినవాటిలో సగం నల్లగా, సగం మురికి తెలుపు మీద నీలిచుక్కలతో పుట్టేవి. శుద్ధి చేసేకొద్దీ శుద్ధి కావడం లేదని వారి బాధ. మెండెల్ సూత్రాలతో చూసినప్పుడు సమాధానం తేలికగా దొరికింది. ప్రతి కోడికీ ఈ జన్యువుకు రెండు స్థానాలుంటాయి, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. రెండింటిలోనూ నీలి జన్యువు లేకపోతే కోడి నలుపు. ఒకదానిలో ఉంటే నీలం. రెండింటిలోనూ ఉంటే నలుపు దాదాపు పూర్తిగా కరిగిపోయి చుక్కల తెలుపు. దీనిని అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు. కాబట్టి నీలం అనేది స్వతంత్రమైన రంగు కాదు, నలుపుకూ చుక్కల తెలుపుకూ నడిమి మెట్టు. నడిమి మెట్టును ఎంత శుద్ధి చేసినా అది నడిమి మెట్టే.

దీని నుండి జోడీల ఫలితాలు వాటంతటవే వస్తాయి. నీలం, నీలం కలిస్తే నాలుగింట ఒకటి నలుపు, రెండు నీలం, ఒకటి చుక్కల తెలుపు. నీలం, నలుపు కలిస్తే సగం నీలం, సగం నలుపు. నీలం, చుక్కల తెలుపు కలిస్తే సగం నీలం, సగం చుక్కలు. నలుపు, చుక్కల తెలుపు కలిస్తే పిల్లలన్నీ నీలమే. ఈ చివరి జోడీని మనవారు నమ్మరు. నీలం ఒక్కటీ లేని గూటిలో అన్నీ నీలిపిల్లలే పుడతాయంటే వింతగానే ఉంటుంది. కాని చేసి చూసినవారికి తెలుసు. ప్రదర్శన కోసం ఒక్క విడతలో ఎక్కువ నీలికోళ్లు కావలసినవారికి ఇంతకంటె మంచి జోడీ లేదు.

ఇక్కడ లెక్క గురించి ఒక మాట. ‘మీరు సగం అన్నారు, నాకు నాలుగు పిల్లలు పుట్టాయి, ఒక్కటీ నీలం కాదు’ అని నన్ను అడిగినవారున్నారు. సగం అనేది పెద్ద సంఖ్యలో కనిపించే సగం. నాలుగే పిల్లలైతే ఒక్కటీ నీలం కాకపోయే అవకాశం 16లో 1. నాలుగూ నీలమయ్యే అవకాశమూ అంతే. పదిమంది ఇళ్లలో తలా ఒక విడత పొదిగితే ఎవరో ఒకరికి ఇలా జరగడంలో ఆశ్చర్యం లేదు. ఒక విడత చూసి జోడీని విడదీయవద్దు. కనీసం పన్నెండు, వీలైతే ఇరవై పిల్లల లెక్క చేతికి వచ్చిన తరువాతనే తీర్పు చెప్పాలి.

అయితే నలుపు, చుక్కల జోడీని తరం వెంట తరం నడిపితే సరిపోతుందా? సరిపోదు. నీలం ఎంత ముదురుగా, ఈక అంచున గీత ఎంత స్పష్టంగా ఉంటుందన్నది ఆ నీలం కింద ఉన్న నలుపు నాణ్యతను బట్టి ఉంటుంది. చుక్కల కోడిలో ఆ నలుపు ఎలాంటిదో కంటికి కనిపించదు. కనుక మన వరుసకు ప్రాణం నల్లకోళ్లలో ఉన్నది. ఎండలో ఆకుపచ్చని మెరుపు చూపే, మెడలోగాని నడుములోగాని ఒక్క ఎర్రని ఈకా లేని, బోర ఈకల అడుగు కూడా నల్లగానే ఉన్న కాకిపెట్ట దొరికితే పది నీలిపెట్టలకన్న దానిని భద్రంగా చూసుకోవాలి. పంచిపెట్టినవి అవే కావడం వలననే మన నీలం పలచబడింది.

పుంజుల విషయంలో మెడ ఈకలను ప్రత్యేకంగా పరీక్షించాలి. వెండిఛాయ, బంగారుఛాయ అనే మరొక జన్యువు నల్లకోళ్లలోనూ నీలికోళ్లలోనూ లోపల దాగి ఉంటుంది. పైన నలుపు దట్టంగా ఉన్నంతకాలం అది కనబడదు. నలుపు కాస్త బలహీనపడితే పుంజు మెడ మీద, నడుము మీద గడ్డిరంగుగానో ఇత్తడిరంగుగానో బయటపడుతుంది. పెట్టలలో అంతగా తెలియదు. ఈ ఛాయ లింగసంబంధమైనది. పక్షులలో పుంజుకు ఆ క్రోమోజోములు రెండు, పెట్టకు ఒక్కటే. పెట్ట తన ఛాయను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. కనుక ఇత్తడి మెడతో పుట్టిన పుంజును చూసి తండ్రిని మాత్రమే తప్పుపట్టరాదు, సగం తల్లి నుండీ వచ్చి ఉండవచ్చు. అలాంటి పుంజును మాత్రం పెంపకానికి పెట్టుకోవద్దు. ఎండలో వానలో తిరిగి వెలిసిన ఈకలు కూడా కొంత గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ రెండింటి తేడా తెలియాలంటే ఈకను లాగి మొదలు చూడండి. వెలిసినదైతే కొన మాత్రమే రంగు మారి, మొదలు నీలంగా ఉంటుంది.

దాగి ఉండే రంగులు

మార్కెట్టులో నీలం అని అమ్మే కోళ్లన్నీ ఈ నీలం కావు. లావెండర్ అనే మరొక లేతబూడిద రంగున్నది. అది ఒంటినిండా ఒకే తీరుగా ఉంటుంది, అంచున గీత ఉండదు, మెడ ముదురుగా ఉండదు. అది అంతర్గత లక్షణం, రెండు ప్రతులూ ఉంటేనే కనిపిస్తుంది. లావెండరును లావెండరుతో కలిపితే పిల్లలన్నీ లావెండరే కనుక కొత్తవారికి అదే సులువుగా తోస్తుంది. దానిలో తోక, రెక్కల ఈకలు చీలికలై చింపిరిగా పెరిగే లోపం తరచుగా కనిపిస్తుంది. ఒక కోడి ఏ రకమో తెలియకపోతే మంచి నల్లకోడితో కలిపి చూడండి. పిల్లలలో సగం బూడిదనీలమైతే అది మన నీలం. అన్నీ నల్లనివే అయితే లావెండరు. ఈ రెండింటినీ ఒకే గూటిలో కలిపితే రెండు తరాల తరువాత ఏ పిల్ల ఏ రకమో చెప్పడం ఎవరి తరమూ కాదు.

తెలుపు సంగతి ఇంతకన్న మోసకరమైనది. తెలుపులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి బహిర్గతమైనది, ఒక్క ప్రతి ఉన్నా నలుపును కప్పివేస్తుంది. రెండవది అంతర్గతమైనది, రెండు ప్రతులు కలిసినప్పుడు కోడి మీద తెల్లదుప్పటి పరచినట్లు కింది రంగులన్నింటినీ దాచివేస్తుంది. మనకు చిక్కు ఈ రెండవదానితోనే. చూడడానికి చక్కని నల్లపుంజు లోపల ఒక ప్రతి మోస్తూ ఉండవచ్చు. అమెరికాలో సెరామాలకు 2011లో మొదట గుర్తింపు లభించినది తెలుపు రంగుకే, మన దేశంలో మాత్రం సెరామాను రంగును బట్టికాక నిలువు తీరును బట్టి మెచ్చుకొంటారు. అందువలన ఇక్కడి గూళ్లలో అన్ని రంగులూ కలగలసి ఉన్నాయి. కొత్తగా కొన్న కోడి లోపల ఏముందో అమ్మినవారికే తెలియదు.

పరీక్షించే పద్ధతి ఒకటున్నది. రంగుగల తల్లిదండ్రులకు పుట్టిన తెల్లపెట్టను సంపాదించండి. అలా పుట్టినది కనుక దాని తెలుపు అంతర్గతమైనదే. అనుమానం ఉన్న పుంజును ఆ పెట్టతో కలపండి. పుంజు లోపల తెలుపు ఉంటే పిల్లలలో సగం తెల్లగా పుడతాయి. ఒక్క తెల్లపిల్ల పుట్టినా విషయం తేలిపోయినట్లే. ఏడు పిల్లలు పుట్టి ఒక్కటీ తెల్లనిది కాకపోతే పుంజు లోపల తెలుపు ఉండి కూడా మనలను తప్పించుకొన్న అవకాశం 128లో 1 మాత్రమే. అంతటితో నమ్మవచ్చు. ప్రతి పుంజుకూ ఈ పరీక్ష అక్కరలేదు. మూడిళ్లకు పిల్లలనివ్వబోయే ముఖ్యమైన పుంజుకు మాత్రం ఆరు నెలలు పోయినా సరే చేయించవలసినదే.

రంగు తరువాత, ఒళ్లు ముందు

ఇంతవరకు రంగును గురించి చెప్పినా, గూటి ముందు నిలబడినప్పుడు నేను రంగును చివర చూస్తాను. మొదట చూడవలసినది కాళ్లు. నిటారుగా, రెండు కాళ్ల మధ్య తగినంత ఎడంతో నిలబడుతున్నదా, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా? తరువాత శ్వాస, కన్ను, చురుకుదనం. ఆ తరువాత జాతి లక్షణం: ఎత్తుగా పొంగిన బోర, నిలువుగా లేచిన తోక, నేలవైపు నిలువుగా దిగిన రెక్కలు. వీటిలో నెగ్గినవాటిలో మాత్రమే రంగు చూడాలి. రంగు పోతే రెండు తరాలలో తిరిగి తెచ్చుకోవచ్చు. సత్తువ పోతే తెచ్చుకోవడానికి చోటు లేదు.

చిన్నదైనకొద్దీ విలువ ఎక్కువన్న భ్రమ సెరామా పెంపకందారులను చాలా నష్టపరిచింది. గుప్పెటలో పట్టే పెట్టను చూసి మురిసిపోవడం వేరు, దానిని తల్లిని చేయడం వేరు. మరీ చిన్న పెట్టలలో గుడ్డు అడ్డుపడి ప్రాణం పోవడం మామూలే. చిన్నదనం పుంజు వైపు నుండి తెచ్చుకోవాలి. పెట్ట ఆ వరుసలో కొంచెం పెద్దదిగా, నడుము వెడల్పుగా, క్రమంగా గుడ్లు పెట్టేదిగా ఉండాలి. ప్రదర్శనలో ఆ పెట్టకు బహుమతి రాదు. దాని కొడుకులకు వస్తుంది.

పొట్టికాళ్ల విషయం తెలిసి ఉండడం చాలా అవసరం. సెరామా పూర్వీకులలో జపాను పొట్టికోడి ఒకటి. దానిని చాబో అంటారు. మంచి నలుపు కోసమో, తోక కోసమో ఇప్పటికీ కొందరు చాబోతో సంకరం చేస్తారు. చాబో పొట్టికాళ్లకు కారణమైన జన్యువు ఒక ప్రతి ఉంటే కాళ్లు పొట్టివౌతాయి, రెండు ప్రతులు కలిస్తే పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. పొట్టికాళ్ల పుంజును పొట్టికాళ్ల పెట్టతో కలిపితే నాలుగింట ఒక గుడ్డు ఎప్పటికీ పొదగదు, రెండు పొట్టికాళ్లవి, ఒకటి పొడుగుకాళ్లది పుడతాయి. దీనిని శాపమనో, దిష్టి అనో అనుకొని నిమ్మకాయలు కట్టినవారిని చూశాను. జోడీలో ఒకటి పొడుగుకాళ్లదైతే చాలు, ఆ మరణాలు ఆగిపోతాయి.

గుడ్ల లెక్క వ్రాసుకొనేవారికి ఇలాంటివి త్వరగా తెలుస్తాయి. మామూలు కోడిపిల్ల 21వ రోజున బయటకు వస్తే సెరామా పిల్ల తరచుగా 19వ రోజుకే వస్తుంది. ఏడవ రోజు రాత్రి దీపం ముందు పెట్టి చూసి, ఏది ఎదుగుతున్నదో ఏది లేదో గుడ్డు మీదనే పెన్సిలుతో గుర్తుపెట్టండి. 22వ రోజుకు పగలనివాటిని పారవేయక ముందు తెరచి చూడండి. మొదటి వారంలో పోయినదా, చివరలో పోయినదా అన్నది వ్రాసిపెట్టుకొంటే ఒక సంవత్సరంలో ఆ పుస్తకమే మీకు గురువు అవుతుంది.

వరుసలు, వావులు

చేతిలో ఉన్నవి కొద్ది కోళ్లే కనుక దగ్గర రక్తం కలవడం తప్పదు. ఎంత దగ్గర అన్నదే ప్రశ్న. అన్నాచెల్లెళ్లను కలిపితే పిల్లలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తండ్రీకూతుళ్లను కలిపినా అంతే. మేనమామకు మేనకోడలినిస్తే ఎనిమిదింట ఒకటి. మేనబావ మరదళ్లైతే పదహారింట ఒకటి. మేనరికాలు మనకు కొత్త కాదు గనుక ఈ లెక్క మనవారికి ఇట్టే బోధపడుతుంది. ఒక్క తరానికి కోడి తట్టుకొంటుంది. తరం వెంట తరం అన్నాచెల్లెళ్లనే కలుపుతూ పోతే దాగి ఉన్న లోపాలన్నీ జతకూడి బయటపడతాయి. గుడ్లు తగ్గుతాయి, పిల్లలు నీరసిస్తాయి, పుంజులు జతకట్టడం మానుకొంటాయి.

దీనికి పెంపకందారులు ఎన్నో దేశాలలో వాడుతున్న పద్ధతిని మన మూడిళ్ల మధ్య నడపవచ్చు. మూడిళ్లకు పెద్దిల్లు, నడిమిల్లు, చివరిల్లు అని పేర్లు పెడదాం. ఏ ఇంట పుట్టిన పెట్ట ఆ ఇంటనే ఉంటుంది, తల్లి ఇంటిపేరే దానికి. ప్రతి సంవత్సరం పెద్దింట పుట్టిన పుంజులలో మేలైనది నడిమింటికి పోతుంది, నడిమింటిది చివరింటికి, చివరింటిది పెద్దింటికి. మన ఆచారంలో ఆడపిల్ల అత్తవారింటికి పోతుంది, ఇక్కడ మగపిల్లవాడే ఇల్లరికం పోతాడు. అందువలన ఏ పుంజుకూ తన తల్లితోగాని తోబుట్టువుతోగాని కలిసే అవకాశం ఉండదు. సంవత్సరం తిరగగానే అతడిని తప్పించి కొత్త అల్లుడిని తేవాలి, లేకపోతే కూతుళ్లతోనే కలుస్తాడు. కొత్త అల్లుడూ అదే ఇంటి నుండి వస్తాడు గనుక ఆ కూతుళ్లకు పినతండ్రి వరుస అవుతాడని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. మన వావివరుసలలో అది నిషిద్ధమే. కోళ్ల లెక్కలో మాత్రం తల్లి ఒక్కటే అయి తండ్రులు వేరైన పినతండ్రి వరుస, మేనబావ మరదళ్ల దూరంతో సమానం. ఆ పెద్దాయన చివరకు నవ్వి ఊరుకొన్నారు.

ప్రతి ఇంట కనీసం ఒక పుంజు, మూడు పెట్టలు ఉండాలి. పెట్టలలో ఒకటి నలుపు, ఒకటి నీలం, ఒకటి చుక్కలది ఉంటే వచ్చే పుంజు ఏ రంగుదైనా నీలిపిల్లలకు దారి దొరుకుతుంది. ఆ ముగ్గురి గుడ్లనూ కలిపేయకూడదు. ఎవరి గుడ్డు ఏదో తెలియకపోతే ఎంపిక అనే మాటకు అర్థం ఉండదు. పిల్లలకు కాలి ఉంగరాలు తొడిగి, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి వ్రాయండి. కమిటీ సమావేశాల మినిట్సు వ్రాసే ఓపికలో పదోవంతు చాలు. పిల్లప్పటి నూగును చూసి ఏ పిల్లనూ వదిలించుకోవద్దు. నల్లపిల్లకు కడుపు కింద తెలుపు ఉండడం సహజం, పెరిగేకొద్దీ పోతుంది. నాలుగైదు నెలలకు పెద్ద ఈకలు పూర్తిగా వచ్చిన తరువాతనే రంగు గురించి తీర్పు.

మూడిళ్లు అనడంలో మరొక కారణం కూడా ఉన్నది. 2004లో కెలంతాన్‌లో పక్షిజ్వరం బయటపడినప్పుడు వ్యాధి వచ్చిన గ్రామాల చుట్టుపక్కల కోళ్లను చంపివేయవలసి వచ్చింది. సెరామా పుట్టినచోటనే ఎన్నో మంచి వరుసలు అప్పుడు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో సెలంగోర్, పెరాక్ రాష్ట్రాలలో కూడా ఆ వ్యాధి కనిపించింది. ఒక వరుస అంతా ఒకే పెరటిలో ఉంటే ఒక్కరోజులో అంతరించగలదు. కనుక మూడిళ్లూ ఒకే తామాన్‌లో ఉండకపోవడం మంచిది. ఒకటి హుతాన్ మెలింతాంగ్ వైపు, ఒకటి తెలుక్ ఇంతాన్ వైపు, మరొకటి ఇంకా దూరంగా, సుంగై పెతాని వైపు బంధువుల ఇంట ఉన్నా మేలే. ఒక ఇంటి నుండి మరొక ఇంటికి పోయే పుంజును ముప్పై రోజులు వేరే పంజరంలో, వేరే నీళ్లగిన్నెతో ఉంచి, జబ్బు లేదని తేలిన తరువాతనే పెట్టల దగ్గరికి వదలాలి. ఈ ముప్పై రోజులను ఇరవైకి కుదించమని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. ఒప్పుకోవద్దు.

ఈ సంవత్సరపు పుంజుల మార్పిడిని శ్రీరామనవమి తరువాతి ఆదివారం పెట్టుకొందామని మూడు కుటుంబాలవారమూ అనుకొన్నాము. ఆసక్తి ఉన్న నాలుగవ కుటుంబం వచ్చినా చోటున్నది, చక్రంలో ఇంకొక ఆకు చేరుతుంది, అంతే. వచ్చేవారు కోడితోపాటు దాని ఉంగరం సంఖ్య, తల్లిదండ్రుల వివరాలు వ్రాసిన కాగితం తేవాలి. కాగితం లేని పుంజు ఎంత అందమైనదైనా ఈసారి తీసుకోము. పంజరాలను దేవాలయ ఆవరణలోనికి తేవద్దు. బయట చింతచెట్టు కింద నీడ ఉన్నది, నీళ్ల కుళాయీ ఉన్నది.